ఒక్క రోజు సీఎల్

గురువారం అమ్మకు కంటి ఆపరేషన్. శుక్లాలే, పెద్దగా భయపడాల్సింది ఏమీ లేదు, పొద్దున తీసుకెళ్తే సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు. నాకు కావాల్సింది ఒక్క రోజు సీఎల్, అంటే క్యాజువల్ లీవు. ఏడాదికి 15 సీఎల్‌లు, ఆడవాళ్లకు ఇంకో 5 స్పెషల్ సీఎల్‌లు ఉన్నాయి, వాటిలో నేను ఇప్పటిదాకా వాడుకున్నవి మూడంటే మూడు. సెలవులకు కరువు లేదు. సెలవు పెడితే ఆ రోజు బడిలో ఎవరుంటారు అనేదే తేలడం లేదు. ఆదివారం రాత్రి మా చుట్టుపక్కల బడుల కాంప్లెక్స్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి, ఎవరైనా ఏదైనా అంటారేమోనని ఫోను వంక చూస్తూ కూర్చున్నాను. ముగ్గురు దండం బొమ్మ పెట్టారు. ఒకరు "అమ్మగారు త్వరగా కోలుకోవాలి మేడమ్" అని రాశారు. అంతే.

నేను ఎస్జీటీని, అంటే ప్రైమరీ బడిలో సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఇల్లు తిరుపతిలో, బడి పూతలపట్టు వైపు మామిడి తోపుల మధ్య ఉన్న ఒక ఊళ్ళో. 47 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం. విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా అయితే ముగ్గురు. ఆ లెక్కన మాది అన్నీ సక్రమంగా ఉన్న బడి, ఎవరొచ్చి రిజిస్టరు తిరగేసినా ఖాళీ కనపడదు.

అయితే దీపావళి వెళ్ళిన వారానికి మా రెండో టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్ళింది. 180 రోజులు. ఆమె తిరిగొచ్చేసరికి వేసవి సెలవులు. ఆ సెలవు మీద నాకు ఒక్క మాట కూడా లేదు, ఎవరైనా అంటే ఊరుకోను కూడా, ఎందుకంటే మా పెద్దోడు పుట్టినప్పుడు మాకు 120 రోజులే ఉండేది, 2010లో కదా 180 చేశారు, ఆ నాలుగు నెలల బిడ్డను అమ్మ దగ్గర వదిలేసి బస్సెక్కి వచ్చిన రోజులు నాకు ఇంకా గుర్తే. ఆమె ఇంట్లో ఉండాల్సిందే. కానీ ఆమె కుర్చీలో ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఉండరు. ఎందుకుండరో అర్థం కావడానికి నాకు ఇన్నేళ్ళ సర్వీసు పట్టింది. ఖాళీ అనే మాటకు ఊళ్ళో ఒక అర్థం, ఆఫీసులో ఇంకో అర్థం. ఊళ్ళో వాళ్ళకు కుర్చీలో మనిషి లేకపోతే ఖాళీ. ఆఫీసులో పోస్టులో పేరు లేకపోతేనే ఖాళీ. చట్టంలో ఒక బడిలో పోస్టుల ఖాళీలు 10 శాతం దాటకూడదని రాసి ఉంది, మంచి మాటే, కానీ సెలవులో ఉన్న టీచరు పేరు పోస్టులో ఉన్నట్టే, జీతం పడుతున్నట్టే. కాబట్టి ఆరు నెలలు సగం బడి మూతపడ్డా కాగితం మీద మా బడి నిండుకుండ.

2025లో టీచర్ల నియామక పరీక్ష మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు, దసరా తర్వాత కొత్త టీచర్లు బడుల్లో చేరారు. మా ఊరి పెద్దాయన ఒకరు రోజూ అరుగు మీద కూర్చుని అడిగేవాడు, "ఏం అయివారమ్మా, కొత్తోళ్ళు అంతమంది వచ్చినారంటా ఉండారే, మన బడికి ఒకరూ రాలేదా?" అని. రారు తాతా, మనకు ఖాళీ లేదు అంటే ఆయన లోపలికి తొంగి చూసి, మళ్ళీ నా వంక చూసి, "ఖాళీ లేదా?" అన్నాడు. ఇంతకన్నా బాగా నేను ఏ మీటింగులోనూ చెప్పలేను.

మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసును తప్పు పట్టడానికి కాదు ఇది రాస్తున్నది. వాళ్ళ చేతిలో ఉన్నది సర్దుబాటు ఒక్కటే. సర్దుబాటు అంటే పక్క బడి నుంచి ఒకరిని లాగి ఇక్కడ పెట్టడం. మొదట మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడి నుంచి ఒక సారును వారానికి మూడు రోజులు వేశారు. అదీ ఇద్దరు టీచర్ల బడే, ఆయన ఇటు వచ్చిన మూడు రోజులూ అక్కడ ఒక్కరే. సంక్రాంతి సెలవులయ్యాక ఆ ఊరి తల్లిదండ్రులు నలుగురు వెళ్ళి "మా అయివారిని వాళ్ళకెందుకు పంపిస్తారు" అని అడిగారు. సరిగ్గానే అడిగారు. మా పిల్లల కోసం వాళ్ళ పిల్లలు ఎందుకు ఖాళీగా కూర్చోవాలి? ఆయన వెళ్ళిపోయాడు. ఆయనకు నేను టీ ఇచ్చి, ఏడుపు మొహం పెట్టకుండా పంపించాను.

తర్వాత మిగిలింది సీఆర్‌ఎంటీ. ఒకప్పుడు సీఆర్పీలు, అంటే కొన్ని బడుల క్లస్టర్‌కు ఉండే రిసోర్స్ పర్సన్లు, అనేవాళ్ళం, పేరులో మొబైల్ టీచర్ అని చేర్చారు. ఎక్కడ టీచరు సెలవు పెడితే అక్కడికి వెళ్ళి పాఠం చెప్పాలి. మా క్లస్టర్‌కు ఉన్న అబ్బాయి మంచివాడు, ఓపిక ఉన్నవాడు, కానీ ఒకే రోజు మూడు బడుల్లో ముగ్గురు సెలవు పెడితే అతను ఎన్ని ముక్కలవ్వాలి? పైగా రిపోర్టులు, సర్వేలు, కిట్ల లెక్కలు, మీటింగులు. నవంబరు నుంచి ఇప్పటికి మా బడికి అతను వచ్చింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక ఒక్కదాన్నే. ఐదు తరగతులు ఒక గదిలో. ఒకటి రెండు ఒక వైపు, మూడు నాలుగు ఐదు ఇంకో వైపు. యాప్‌లో హాజరు, వంట దగ్గర గుడ్లు లెక్క చూడటం, ఫోటో ఎక్కించడం, మధ్యలో ఎవరికో ముక్కులో రక్తం. మధ్యాహ్నం మూడింటికి నా గొంతు నాకే వినపడదు. ఇదంతా టీచర్లకు తెలిసిందే, వదిలేద్దాం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏమిటంటే, చదువుకున్నవాళ్ళు దొరకడం లేదని అందరూ అనుకోవడం. దొరక్కపోవడమేంటి! సాయంత్రం బస్సు దిగి యూనివర్సిటీ వైపు నడుస్తూ చూడండి. రీడింగ్ రూముల ముందు చెప్పులు వరుసగా ఉంటాయి. ప్రైమరీ టీచర్ ట్రైనింగ్ డీఈఎల్‌ఈడీ చేసి, అర్హత పరీక్ష టెట్ పాసై, డీఎస్సీలో అర మార్కుతోనో మార్కుతోనో పోగొట్టుకుని, ఇంకో నోటిఫికేషన్ కోసం హాస్టల్ ఫీజు కడుతూ చదువుకునే పిల్లలు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో. అర్హత ఉన్న మనిషి తిరుపతిలో పుస్తకం ముందు కూర్చుని ఉంది, మనిషి లేని తరగతి పూతలపట్టు దగ్గర ఉంది. ఈ రెంటినీ కలిపే కాగితం ఒక్కటీ లేదు. మండలానికి ఒక లిస్టు, రోజుకు ఇంత అని ఒక రేటు, పిలిస్తే మర్నాడు వచ్చే ఏర్పాటు ఉంటే చాలు.

ఏర్పాట్లు అసలు చేయలేదని కాదు. నేను మొదట బడిలో కాలు పెట్టింది విద్యా వాలంటీరుగానే, ఉమ్మడి రాష్ట్రంలో. అది జీతం కాదు, గౌరవ వేతనం అని చెప్పారు. గౌరవం ఎంతో తెలియదు కానీ వేతనం మాత్రం మూడు నెలలకోసారి వచ్చేది. ఏప్రిల్ ఆఖరి పనిదినాన ఇంటికి పంపించేస్తారు, జూన్‌లో బడి తెరిచినా ఆర్డర్లు వెంటనే రావు, వచ్చేసరికి పిల్లలు నిరుడు నేర్చుకున్నది మర్చిపోయి ఉంటారు. తర్వాత అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు అని ఇంకో పేరు వచ్చింది. నేను చూసినంతలో ఇవన్నీ ఖాళీ పోస్టుల కోసమే. మొబైల్ టీచర్ అనే ఆ పేరు తప్ప, సెలవు పెట్టిన మనిషి బదులు రేపటికి రేపు వచ్చే మనిషి అనే ఏర్పాటు మాత్రం నేను చూడలేదు.

మా నాన్న పాకాల జంక్షన్‌లో పాయింట్స్‌మన్‌గా చేశాడు, మీటర్ గేజి రోజుల్లో. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వినపడిన మాటలు రెస్ట్ గివర్, లీవ్ రిజర్వ్. వారం సెలవు రోజున డ్యూటీ చేయడానికి ఒకరు, ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ బదులు ఎక్కడికైనా వెళ్ళడానికి ఇంకొకరు, వాళ్ళ ఉద్యోగమే అది. పెళ్ళికి వెళ్ళాలంటే నాన్న ముందు అడిగేది "లీవ్ రిజర్వు ఎవుడున్నాడు" అని. స్టేషన్ మాస్టరు భార్య ప్రసవించింది కాబట్టి ఈ రోజు రైళ్ళు ఆగవు అని ఎవరైనా బోర్డు పెట్టారా ఎప్పుడైనా? రైలుకు ఉన్న ఏర్పాటు ఒకటో తరగతికి లేదు. సిగ్నల్ తప్పితే బండి పడిపోతుందని అందరికీ తెలుసు. ఒకటో తరగతిలో ఆరు నెలలు తప్పితే ఏం పడిపోతుందో వెంటనే కనపడదు, ఐదో తరగతికి వచ్చాక కనపడుతుంది, అప్పటికి ఎవరినీ అడగడానికి ఉండదు.

అమెరికాలో ఇది ఒక ఉద్యోగం. మా చిన్నమ్మ కూతురు టెక్సాస్‌లో సబ్‌గా, అంటే సెలవు పెట్టిన టీచరు బదులుగా, వెళ్తుంటుంది, పొద్దున్నే ఫోన్‌లో ఫలానా బడి ఫలానా తరగతి అని వస్తుంది, ఇష్టమైతే నొక్కి వెళ్ళిపోవడమే. అక్కడేమీ బ్రహ్మాండంగా లేదులే అక్కా అంటుంది. అక్కడ సబ్‌లకు రాష్ట్రం ఒక అర్హత అంటూ పెట్టలేదు, ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ రూలు ఆ డిస్ట్రిక్టుది, మనుషులు దొరక్కపోతే కొన్ని చోట్ల రెండు తరగతులు కలిపేస్తారట. వాళ్ళకు లిస్టు ఉంది, అర్హులు చాలరు. మనకు అర్హులున్నారు, లిస్టు లేదు. ఎవరిది పెద్ద కష్టమో మేమిద్దరం వాట్సాప్ కాల్‌లో గంట సేపు తేల్చుకోలేకపోయాం.

అర్హత అంటే గుర్తొచ్చింది. ఊళ్ళో "డిగ్రీ చదివిన పిల్ల ఉంది కదా మేడమ్, కూర్చోబెడదాం, చిన్న పిల్లలకు అ ఆలే కదా" అంటారు. నేనూ ఒకసారి ఒప్పుకున్నాను, దాచడమెందుకు. డిసెంబరులో నాకు జ్వరం వచ్చిన నాలుగు రోజులు ఆ పిల్లే ఒకటి రెండు తరగతులు చూసింది, నేను మూడో తరగతి వాళ్ళ దగ్గర కుర్చీలో ఒరిగి కూర్చున్నాను. పాపం మంచి పిల్ల, ఒక్కరినీ కొట్టలేదు. కానీ నాలుగు రోజులూ అ ఆలు పదేసి సార్లు రాయించింది, ఎక్కాలు పాడించింది. రెండో తరగతిలో 52లోంచి 27 తీసేయమంటే సగం మంది 35 అని రాశారు. ఆమె ఇంటూ కొట్టి, "మళ్ళీ చేయండి" అంది. వాళ్ళు మళ్ళీ చేసి మళ్ళీ 35 రాశారు.

ఆ 35 ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాళ్ళే చిన్న పిల్లల టీచరు. పిల్లలు పైన చిన్నది కింద పెద్దది ఉంటే, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తారు, 7లోంచి 2 పోతే 5, వాళ్ళ దృష్టిలో అది న్యాయమే. దానికి ఇంటూ కొడితే లాభం లేదు, చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఐదు కట్టలూ రెండు పుల్లలూ చేతికిచ్చి, ఇందులోంచి ఏడు విడి పుల్లలు ఇవ్వు అనాలి. కట్ట విప్పక తప్పదని వాడికే తెలియాలి. ఇది నాకు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. ప్రైమరీ టీచర్ ట్రైనింగ్‌లో చెప్పారు, మిగతాది పిల్లలు చెప్పారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు బీఎడ్ వాళ్ళు ప్రైమరీ టీచరు ఉద్యోగానికి అర్హులు కారని తీర్పు ఇచ్చినప్పుడు మా బంధువుల్లో ఇద్దరు నా మీద అలిగారు, నేనేదో తీర్పు రాసినట్టు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ తీర్పు తప్పని మాత్రం అనలేను.

కొందరు ఏం చేస్తారో అందరికీ తెలుసు. తమ జేబులోంచి నెలకు కొంత ఇచ్చి ఊళ్ళో ఒకరిని పెట్టేసి తాము వెళ్ళరు. పేపర్లో పడితే సస్పెండ్ అవుతారు, అవ్వాల్సిందే. దాంతో వచ్చిన చిక్కేమిటంటే నిజంగా అవసరమై ఒక మనిషిని తెచ్చుకున్నవాళ్ళను కూడా అదే చూపు చూస్తారు.

నేను తెచ్చుకున్నాను. జనవరిలో. రూలు ప్రకారం చేయాల్సిన పని కాకపోవచ్చు, తల్లిదండ్రుల కమిటీలో మాట్లాడి, వాళ్ళు కొంత, నేను కొంత వేసుకుని నెలకు 4,000 అనుకున్నాం. వచ్చిన అమ్మాయి కార్వేటినగరం టీచర్ ట్రైనింగ్ కాలేజీ డైట్‌లో చదివింది, టెట్ ఉంది, డీఎస్సీలో కొంచెంలో పోయింది. నాలుగు వేలకు ఎలా వస్తావమ్మా అంటే, "బస్సు ఫ్రీనే కదా మేడమ్" అంది. నిజమే, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగులో టికెట్ లేదు, లేకపోతే ఆ డబ్బులో సగం చార్జీలకే పోయేది.

ఆమె మొదటి రోజు అ ఆల చార్టు వంక చూడనే లేదు. వల, తల, పలక, గడప, ఇట్లా దీర్ఘాలూ గుణింతాలూ లేని మాటలు చాక్‌పీసుతో నేల మీద పెద్దవిగా రాసి పిల్లలను వాటి మీద నడవమంది. ఒకటో తరగతిలో ఒక బాబు ఉన్నాడు, ఇంట్లో అరవం మాట్లాడతారు, బడిలో నోరు విప్పడు. జూన్ నుంచి నేను వాడి గొంతు విన్నది నాలుగైదు సార్లు. ఆమె వాడిని నీళ్ళను ఏమంటావు అని అడిగింది. వాడు "తణ్ణి" అన్నాడు. మేము నీళ్ళు అంటాం, ఇప్పుడు నీకు రెండు మాటలు తెలుసు, వీళ్ళందరికీ ఒకటే తెలుసు అంది. ఆ పూటంతా పిల్లలు వాడి చుట్టూ చేరి ఇదేమంటావు, అదేమంటావు అని అడుగుతూనే ఉన్నారు. నేను అవతలి వైపు మూడో తరగతికి పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయాను. నాకెందుకు తట్టలేదా అని సిగ్గేసింది కూడా.

పందొమ్మిది రోజులు వచ్చింది. తర్వాత చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో 11,000కు పిలిచారు. డీఎస్సీలో సెలెక్ట్ అయిన వాళ్ళు సంవత్సరం మధ్యలో వెళ్ళిపోవడంతో ఆ స్కూళ్ళలోనూ మనుషులు లేరు మరి. వెళ్ళనా వద్దా అని నన్నే అడిగింది. వెళ్ళమ్మా అన్నాను, ఇంకేమంటాను?

ఆమె ఉన్నప్పుడే ఒక పని మొదలుపెట్టాను. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని పిల్లకో పేజీ. రేపు నా బదులు ఎవరొచ్చినా చేతికివ్వడానికి. పాఠం ఎక్కడిదాకా అయిందో టీచర్ డైరీలో ఉంటుంది, కానీ వచ్చినవాళ్ళకు కావాల్సింది అది కాదు. మూడో తరగతిలో కిటికీ పక్క పిల్లకు బోర్డు కనపడదు, అడిగితే కనపడుతుంది అంటుంది, పక్క పిల్ల పుస్తకం చూసి రాస్తుంది, ముందు కూర్చోబెట్టండి. నాలుగో తరగతిలో ఒకడు తప్పు చేస్తే తిట్టకండి, మర్నాడు రాడు, తోపులో దాక్కుంటాడు. ఐదో తరగతిలో ఒక పాప అర్థం కాకపోయినా అన్నిటికీ తలూపుతుంది, ఆ తలను నమ్మొద్దు, నీ మాటల్లో చెప్పు అని అడగండి. అక్కా తమ్ముడు ఇద్దరున్నారు, వాళ్ళను వేరే వేరే కూర్చోబెట్టాలని చూస్తే ఆ రోజు చదువు ఉండదు. అరవ బాబు పేజీలో ఆ అమ్మాయి చేతిరాతే ఉంది, ఏ మాటలు వచ్చాయో వరుసగా.

47 పేజీలు నిండటానికి మూడు వారాలు పట్టింది. ఈ వేసవిలో జనగణన ఇళ్ళ లెక్క కూడా ఉంది, ఎన్నికలు, విపత్తులతో పాటు చట్టం టీచర్లకు ఒప్పుకున్న బయటి పనుల్లో అదొకటి. మళ్ళీ బడులు తెరిచాక ఎవరు ఎక్కడుంటారో. నోట్‌బుక్ మాత్రం బీరువాలో పై అరలో ఉంటుంది.

నిన్న రాత్రి, బుధవారం, 9:40కి సీఆర్‌ఎంటీ అబ్బాయి ఫోన్ చేశాడు. "మేడమ్, ఏమీ అనుకోవద్దు, రేపు మండలంలో మీటింగు పెట్టినారు, నేను కచ్చితంగా పోవాల. సాయంత్రం మూడింటికి అయిపోతే వస్తాను" అన్నాడు. మూడింటికి వస్తే ఏం చేస్తాడు, గేటు వేస్తాడా? అతన్ని అనడానికి మనసు రాలేదు. పక్క బడి సారుకు ఫోన్ చేశాను, ఆయన వస్తాననే అన్నాడు, నేనే వద్దన్నాను, ఆ ఊరి వాళ్ళ మొహాలు గుర్తొచ్చి.

సీఎల్ క్యాన్సిల్. చెల్లెలు పీలేరు నుంచి రాత్రికి రాత్రే బయలుదేరి పదకొండున్నరకు దిగింది. అమ్మకు చెబితే, "ఏమ్మే, బడి నీ ఒక్కదాందేనా?" అని అటు తిరిగి పడుకుంది.

పొద్దున నేను ఐదున్నరకు లేచి, పిల్లల పాత నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చించి చెల్లెలికి రాసిచ్చాను. ఎడమ కన్ను, కుడిది కాదు, వాళ్ళు అడిగినప్పుడు నువ్వూ చెప్పు. బీపీ మాత్ర ఆరింటికి వేశాను, మళ్ళీ వేయొద్దు. షుగరు చీటీ నీలం కవరులో ఉంది. కుడి చెవి సరిగ్గా వినపడదు, డాక్టరు చెప్పింది అర్థం కాకపోయినా తలూపుతుంది, నువ్వు మళ్ళీ అడిగి చెప్పించు.